కాటాకు ముద్ర సరే, యాప్‌కు ఏదీ?

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి సోంపేటకో, పలాసకో, చీపురుపల్లికో ఆన్‌లైన్‌లో ప్రైవేటు బస్సు టికెట్ తీసేవాళ్లకు ఈ తెర బాగా పరిచయం. మొదటి పేజీలో ఒక ధర కనిపిస్తుంది. దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘2 సీట్లే మిగిలాయి’ అని, పక్కన ‘ఇప్పుడు 41 మంది చూస్తున్నారు’ అని, పైన నిమిషాలు తగ్గించుకుంటూ పోయే గడియారం. కంగారుగా పేర్లు, వయసులు కొట్టి డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి మొత్తం పెరిగిపోయి ఉంటుంది. కన్వీనియన్స్ ఫీజు ఒకటి, అడగని ఇన్సూరెన్స్ ఒకటి, ఏదో మంచి పనికి విరాళం ఒకటి. టిక్కులన్నీ ముందే పెట్టేసి ఉంటాయి. వాటిని తీసేసే చోటు దొరికేలోపు సీటు పోతుందేమోనన్న టెన్షన్‌లో అలాగే కట్టేస్తారు. పోయింది ముప్ఫయ్యో నలభయ్యో. బస్సెక్కి కూర్చున్నాక దాన్ని ఎవరూ తలుచుకోరు.

ఇదంతా చూసుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటని కట్టినవాళ్లే అనుకుంటారు. నిజానికి చూసుకోనివ్వకుండా తయారుచేసిన తెర అది. పెద్ద యాప్‌లు ఏ బటన్‌నీ ఊరికే పెట్టవు. కొన్ని వేలమందికి ఒక రకం తెర, మరికొన్ని వేలమందికి ఇంకో రకం తెర చూపించి, దేనికి ఎక్కువమంది ‘సరే’ నొక్కారో లెక్క తీస్తాయి. ఎక్కువ డబ్బు తెచ్చిన తెరే అందరికీ వస్తుంది. టిక్కు ముందే పెట్టి ఉంటే ఎంతమంది తీస్తారో, ‘వద్దు’ అన్నమాటను బూడిద రంగులో సన్నగా రాస్తే ఎంతమందికి కనబడదో కంపెనీకి ముందే తెలుసు. తెలిసి చేసిన పనికి మోసపోయినవాడిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇలాంటి పద్ధతులకు డార్క్ ప్యాటర్న్స్ అనే పేరు 2010లో బ్రిటన్‌కు చెందిన డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ పెట్టారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో సుమారు 11,000 షాపింగ్ వెబ్‌సైట్లను జల్లెడ పడితే 1,818 చోట్ల ఈ ఎత్తులు దొరికాయి. ‘ఇంతమంది చూస్తున్నారు’ అనే అంకెను కొన్ని సైట్లు ఎవరినీ లెక్కపెట్టకుండా, ప్రోగ్రామ్ చేత తోచిన అంకె వేయించి చూపిస్తున్నాయని వాళ్లు కోడ్ చదివి బయటపెట్టారు. కొన్నిచోట్ల గడియారం సున్నాకు వచ్చినా ఆఫర్ ఎక్కడికీ పోలేదు. మన దగ్గర ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, 2024లో ఇచ్చిన నివేదికలో బాగా వాడుకలో ఉన్న 53 యాప్‌లను పరిశీలిస్తే 52 యాప్‌లలో కనీసం ఒక్కటైనా ఇలాంటి ఎత్తు ఉందని తేలింది. 53లో 52 అంటే ఎవరో ఒకరిద్దరు దొంగ వ్యాపారులు చేస్తున్న పని కాదు, వ్యాపారం నడిచే తీరే అలా తయారైంది.

చట్టం లేదనడానికి వీల్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కొనేవాడి ఒప్పుదలను ముందే పెట్టిన టిక్కు ద్వారా తీసుకోకూడదని స్పష్టంగా చెప్పాయి. అంటే బస్సు టికెట్ తెరమీద ఆ ఇన్సూరెన్స్ టిక్కు అప్పటి నుంచే నిషిద్ధం. ఆ తర్వాత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ, 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీదే విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల మోసాలకు పేర్లు పెట్టి, ఉదాహరణలతో సహా రాసింది. లేని తొందర పుట్టించడం, బుట్టలో అడగని వస్తువు దూర్చడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం, అసలు ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం, ప్రకటనను వార్తలా చూపించడం, వదలకుండా అడిగి విసిగించడం, ఇంకా ఇలాంటివి. ఇక్కడ అమ్మే కంపెనీ ఏ దేశానిదైనా ఇవి వర్తిస్తాయి.

ఆ పదమూడింటిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఎక్కువ దెబ్బ తీస్తున్నది సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు. దాన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి.

కంచిలి పక్క ఊళ్ళో ఒక పెద్దావిడ ఉందనుకుందాం. కొడుకు వలస పనికి పోతూ ఇచ్చిన స్మార్ట్‌ఫోన్, పింఛను పడే బ్యాంకు ఖాతాకు కట్టిన యూపీఐ. రీల్స్ చూస్తుంటే మధ్యలో సీరియల్ లాంటి వీడియో ఒకటి వస్తుంది. మంచి పట్టులో ఆగిపోయి, ‘1 రూపాయికే చూడండి’ అని పెద్ద తెలుగు అక్షరాలు వస్తాయి. ఆకుపచ్చ బటన్ నొక్కితే నేరుగా యూపీఐ పేజీకి వెళుతుంది. అక్కడ పైన 1 రూపాయి అని లావుగా కనబడుతుంది. కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఆటోపే అని, వారం తర్వాత మొదలయ్యే తేదీ, గరిష్ఠంగా 499 రూపాయల దాకా అని ఉంటుంది. ఆవిడ పిన్ కొడుతుంది. తన లెక్కలో ఆ పిన్ ఒక్క రూపాయికి. బ్యాంకు లెక్కలో అది నెలనెలా కోసుకోవడానికి ఇచ్చిన అనుమతి. ఎనిమిదో రోజున డబ్బు పోతుంది. ఊళ్ళో మొబైల్ షాపు అబ్బాయి దగ్గరకు ఫోన్ తెచ్చి ‘నానేటీ నొక్కనేదు బాబూ, డబ్బులెలా కట్టయిపోనాయి?’ అంటుంది. ఆ అబ్బాయి యాప్ తీసేసి ఫోన్ చేతిలో పెడతాడు. వచ్చే నెల మళ్ళీ డబ్బు పోతుంది. ఎందుకంటే యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. అనుమతి ఉన్నది యూపీఐలో. ఆవిడ డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లోకి వెళ్లి, ప్రొఫైల్‌లో ఆటోపే అన్న చోట ఆ పేరు వెతికి రద్దు చేయాలి.

రిజర్వు బ్యాంకు ఇక్కడ కొంత అడ్డు పెట్టింది. 2021 అక్టోబరు నుంచి ఇలా ప్రతినెలా కోసుకునే ప్రతి చెల్లింపుకూ 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు పంపాలి. మంచి నిబంధనే. అయితే ఆ కబురు ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌గా, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో వస్తే చదివేదెవరు? పైగా 15,000 రూపాయల లోపు చెల్లింపులకు రెండోసారి నుంచి పిన్ అక్కర్లేదు. సబ్‌స్క్రిప్షన్లు దాదాపు అన్నీ ఆ హద్దు లోపలే ఉంటాయి.

2023 మార్గదర్శకాలు ఈ ఉచ్చును సరిగ్గానే గుర్తించాయి. ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం డబ్బు కట్టే వివరాలు గానీ ఆటో డెబిట్ అనుమతి గానీ బలవంతంగా తీసుకోవడం తప్పని రాశాయి. కానీ ఒక సందు మిగిలింది. ఒక్క రూపాయి తీసుకుంటే అది ఉచితం కాదని కంపెనీ వాదించవచ్చు. ఆ ఒక్క రూపాయి వ్యాపారం కోసం పెట్టింది కాదు, అనుమతి రాబట్టడానికి పెట్టింది. నామమాత్రపు ధరతో ఇచ్చే ట్రయల్‌నూ ఉచితంగానే లెక్కించాలని ఒక్క వాక్యం చేరిస్తే ఈ సందు మూసుకుపోతుంది. ట్రయల్ అయిపోయాక అసలు మొత్తం కోసుకునే ముందు మళ్ళీ పిన్ అడగాలని చేరిస్తే ఇంకా మంచిది. అప్పుడు ఇష్టమున్నవాళ్లే కడతారు.

ఇంతకంటే పెద్ద లోటు భాష దగ్గర ఉంది, దీని గురించి ఎవరూ తగినంత మాట్లాడటం లేదు. చాలా యాప్‌లలో రమ్మని పిలిచే మాటలు తెలుగులో ఉంటాయి, షరతులు ఇంగ్లీషులో ఉంటాయి. ‘ఉచితం’, ‘ఈరోజే ఆఖరు’, ‘ఇప్పుడే కొనండి’ తెలుగు. ‘నెలకు ఇంత’, ‘రద్దు చేయాలంటే ఇలా’, ‘డబ్బు వాపసు రాదు’ ఇంగ్లీషు. అనువాదం చేయడం చేతకాక కాదు, చేసినంత మేర బాగానే చేశారు. ఎక్కడ ఆపాలో ఎంచుకుని ఆపారు. ఒక సమాచారాన్ని ఎత్తిచూపి, అవసరమైన ఇంకో సమాచారాన్ని మరుగుపరచడం మార్గదర్శకాల్లోనే ఒక రకం మోసంగా ఉంది. రంగుతో మరుగుపరిచినా, అక్షరాల సైజుతో మరుగుపరిచినా, భాషతో మరుగుపరిచినా ఫలితం ఒకటే. అయినా ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలన్న మాట మార్గదర్శకాల్లో లేదు.

ఇదేమీ చేయలేని పని కాదు. అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు ఇప్పటికే చేయించింది. 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు వివరాల ముఖ్య పత్రం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, దాన్ని చదివి వివరించి, అర్థమైందన్న ఒప్పుదల తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలంటుంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలంటుంది. ఈ రెండు సూత్రాలను యథాతథంగా తెచ్చి డార్క్ ప్యాటర్న్స్ నిబంధనల్లో పెడితే సరిపోతుంది. చేరడం ఎన్ని నొక్కుల్లో అయితే, మానడమూ అన్ని నొక్కుల్లోనే. చేరమన్నది ఏ భాషలో అయితే, మానే దారీ ఆ భాషలోనే.

ఇక అమలు సంగతి. 2025 జూన్‌లో సీసీపీఏ ఈ-కామర్స్ సంస్థలన్నిటికీ ఒక సలహా పంపింది. మూడు నెలల్లో తమ యాప్‌లను తామే తనిఖీ చేసుకుని డార్క్ ప్యాటర్న్స్ లేకుండా చూసుకోవాలని, లేవని ప్రకటన ఇస్తే మంచిదని చెప్పింది. అదే ఏడాది నవంబరులో 26 పెద్ద సంస్థలు తమ దగ్గర లేవని ప్రకటించాయి. ఇది ఒక అడుగే, కాదనలేం. కానీ ఎవరి తెరను వాళ్లే పరీక్షించుకుని పాసయ్యామని చెప్పుకుంటే దానికి ఎంత విలువ ఇవ్వాలి?

ఆమదాలవలస సంతలో కూరగాయలమ్మే మనిషి కాటా విషయం చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే ఫైన్. కొన్నవాడు వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఇన్‌స్పెక్టర్ ఆగడు. కాటా నాదే, నేనే సరిచూసుకున్నా అంటే ఒప్పుకోడు. యాభై గ్రాముల తేడా కొనేవాడి కంటికి కనబడదు గనుకే ఆ ఏర్పాటు. లక్షలమంది ముందు పెట్టిన పేమెంట్ పేజీలో ముప్ఫై రూపాయల తేడా కూడా కంటికి కనబడదు. మరి దానికి ముద్ర ఎందుకు లేదు? తూనికలు కొలతల చట్టాన్నీ ఈ మార్గదర్శకాలనూ కేంద్రంలో చూసేది ఒకే శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖే. పచ్చిమిరపకాయలమ్మే మనిషి దగ్గర చూపించే పట్టుదల కోట్ల వ్యాపారం చేసే యాప్‌ల దగ్గర చూపించకపోవడం అన్యాయం.

యాప్‌లను తనిఖీ చేయడానికి ఊరూరా ఇన్‌స్పెక్టర్లు తిరగనక్కర్లేదు. కంపెనీల దగ్గర ఉన్న పరీక్షల రికార్డులు అడిగితే చాలు. ఏ తెర ఎంతమందికి చూపించారు, రద్దు చేయబోయి మధ్యలో వదిలేసినవారు ఎంతమంది, టిక్కు ముందే పెట్టినప్పుడూ పెట్టనప్పుడూ వచ్చిన డబ్బులో తేడా ఎంత అనే లెక్కలు వాళ్ల దగ్గర ఉంటాయి. ‘2 సీట్లే’ అన్న నిమిషంలో నిజంగా ఎన్ని సీట్లున్నాయో కూడా సర్వర్‌లో ఉంటుంది. పండగ ముందు నిజంగానే రెండే సీట్లు ఉండొచ్చు, అప్పుడు ఆ మాట చెప్పడం మేలే చేస్తుంది. నిజమో అబద్ధమో తేల్చేది రికార్డే. ఆ రికార్డు చూపించే భారం కంపెనీ మీద పెట్టాలి తప్ప, మోసం జరిగిందని నిరూపించే భారం కంచిలి పెద్దావిడ మీద కాదు.

ఇలా గట్టిగా అడిగితే ఏం జరుగుతుందో అమెరికాలో కనబడింది. అమెజాన్ తన ప్రైమ్ సభ్యత్వంలోకి జనాన్ని తెలియకుండా చేర్చుకుంటోందని, మానుకోవడాన్ని కావాలని కష్టం చేసిందని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు వేసింది. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగిచ్చేవి. ఐరోపా యూనియన్ తన డిజిటల్ సేవల చట్టంలో, యూజర్లను మోసగించే లేదా దారి మళ్ళించే డిజైన్‌ను ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలకు నిషేధించింది. అది 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలవుతోంది. మన చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు సీసీపీఏ వేయగల జరిమానా మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. పెద్ద ప్లాట్‌ఫాంకు ఇది ఒక పూట ఖర్చు కూడా కాదు. టర్నోవరులో ఇంత శాతమని పెట్టనంత కాలం జరిమానా కట్టి అలాగే నడిపించడమే వాళ్లకు లాభం.

చిన్న వ్యాపారుల వైపు నుంచీ ఒక మాట చెప్పుకోవాలి. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్ముకుందామని రెడీమేడ్ టెంప్లేట్‌తో సైటు పెట్టించుకుంటే, దొంగ గడియారం దానితోపాటే వచ్చేయవచ్చు. వాళ్లకు ఆ సంగతే తెలియకపోవచ్చు. వాళ్లకు ముందు హెచ్చరిక, సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలి. పరీక్షలు చేసి మరీ మోసాన్ని ఎంచుకున్న కంపెనీకి ఆ వెసులుబాటు అక్కర్లేదు.

చట్టం మారేలోపు ఈ రెండు జిల్లాల్లో చేయగలిగిన పనులు చాలానే ఉన్నాయి. ఫిర్యాదుకు మొదటి మెట్టు 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, 17 భాషల్లో పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, కొన్నవారు తాము ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చని 2019 చట్టం వీలిచ్చింది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. చేతిలో ఉండాల్సింది సాక్ష్యం. మొదటి ధర కనిపించిన పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టే పేజీ స్క్రీన్‌షాట్, బ్యాంకు మెసేజ్, ఈ మూడూ ఉంటే కేసు నిలబడటానికి ఆధారం ఉన్నట్టే.

ముప్ఫై రూపాయల కోసం ఎవరు కోర్టుకెక్కుతారు అనేది న్యాయమైన ప్రశ్న. దానికి చట్టంలోనే జవాబుంది, వాడుకోవడమే తక్కువ. ఒకే నష్టం చాలామందికి జరిగితే, కమిషన్ అనుమతితో ఒకరిద్దరు అందరి తరఫున కేసు వేయవచ్చు. నష్టపోయినవాళ్లు ఎవరెవరో విడివిడిగా గుర్తించడం కుదరనంత మంది ఉంటే, అమ్మిన సేవ విలువలో కనీసం 25 శాతం కట్టించే అధికారం సెక్షన్ 39 కింద కమిషన్‌కు ఉంది. ఒక పండగ సీజన్లో ఒక బుకింగ్ సైట్ మీద అలాంటి తీర్పు ఒక్కటి వస్తే ముప్ఫై రూపాయల లెక్క తారుమారవుతుంది. వినియోగదారుల సంఘాలూ, జిల్లా కోర్టుల్లో యువ లాయర్లూ తలకెత్తుకోదగిన పని ఇది.

ఇంకో దారి కలెక్టరేట్. వినియోగదారుల హక్కులకు సామూహికంగా భంగం కలిగితే, ఫిర్యాదు మీద విచారణ జరిపి సీసీపీఏకు నివేదిక పంపే అధికారం 2019 చట్టంలోని సెక్షన్ 16 కింద జిల్లా కలెక్టర్‌కు ఉంది. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో భూమి తగాదాలు, పింఛన్లు, రేషన్ కార్డుల అర్జీలు ఇచ్చే చోటే ఈ అర్జీ కూడా ఇవ్వవచ్చు. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, పింఛను ఖాతాలోంచి తెలియకుండా డబ్బు పోతోందని వచ్చేవాళ్ల ఫోన్లు చూడగలిగింది వాళ్లే. ఆటోపే రద్దు చేసిపెట్టడంతో పాటు ఏ యాప్, ఎంత కోసింది, షరతు ఏ భాషలో చూపించింది అని ఒక్కో వరుస రాసి పెట్టుకుంటే, మండలాల వారీగా అవి కలెక్టరేట్‌కు చేరితే, కలెక్టర్ పంపే నివేదికకు కావలసిన సరుకు అదే. ఏ యాప్ మీద ముందు విచారణ మొదలుపెట్టాలో ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఆ కాగితాలు చూపిస్తాయి.